బెజవాడ నుంచి కొండవీడు దాకా: సైకిలుకు ఎదురుపడే జీవాలు

సంక్రాంతి వెళ్లిన వారం ఈ చుట్టుపక్కల సైకిలు తొక్కడానికి మంచి అదను. వరికోతలు అయిపోయి మాగాణిలో మినుము పచ్చగా ఉంటుంది. ఉత్తరం వైపు నుంచి వచ్చిన వలస పక్షులు ఇంకా వెనక్కి మళ్లవు. తొమ్మిదిన్నర దాకా ఎండ నెత్తిన పడదు.

ఈ దారిలో పులులూ ఏనుగులూ ఎదురుకావు. కుక్కలు, కోతులు, పాములు, ఉడుములు, గేదెలు, కొంగలు, తేనెటీగలు ఎదురవుతాయి. ఏది ఏ మలుపులో ఉంటుందో చాలావరకు ముందే చెప్పొచ్చు, దాని తిండి ఎక్కడుందో తెలిస్తే చాలు. కొట్టు వెనక పారేసిన కోడిపేగులు, దుక్కిలో బయటపడే పురుగులు, కళ్లం దగ్గర ఎలుకలు, కోట మెట్ల మీద చిప్స్ ప్యాకెట్లు. ఈ లెక్కన చూసుకుంటూ వేసుకున్న దారే ఇది.

సైకిళ్లన్నీ తారుకూ మట్టికీ పనికొచ్చే, 38 ఎం.ఎం. టైర్ల హైబ్రిడ్‌లు. తారు మీద 55 పీఎస్ఐ గాలి, కరకట్ట మట్టిలోకి దిగాక 40. ఇక్కడి మట్టి దారుల్లో పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముళ్లు తప్పవు. టైరుకూ ట్యూబుకూ మధ్య లైనరు పట్టీ వేసుకోవాలి, మనిషికి రెండు ట్యూబులు దగ్గరుండాలి. పంచరు పడ్డాక ట్యూబు మార్చేసి ఊరుకుంటే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది, ఎందుకంటే ముల్లు మొన టైరులోనే విరిగి ఉంటుంది. పాత బనీను గుడ్డతో టైరు లోపలంతా తుడిస్తే గుడ్డ పట్టుకున్న చోట మొన దొరుకుతుంది. వేలితో తడమకండి, తుమ్మముల్లు గుచ్చుకుంటే వేలు రెండు రోజులు వాస్తుంది.

శుక్రవారం: గొల్లపూడి, మూలపాడు, కొండపల్లి

తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్ రోడ్డెక్కితే మొదట పలకరించేవి కుక్కలే. ఇళ్ల మధ్య తిరిగేవి నాలుగు అరుపులు అరిచి ఊరుకుంటాయి. కోడిమాంసం కొట్ల దగ్గర కాపుండేవి మాత్రం గుంపు కట్టి వెంటపడతాయి. కొట్టు మూసేటప్పుడు పేగులూ తోళ్లూ పక్కనే పారేస్తారు, ఆ జాగా అంతా వాటి జాగీరు. దాని హద్దు దాటేదాకా తరిమి, దాటగానే వెనక్కి తిరుగుతాయి.

కుక్క కనపడగానే బలంగా తొక్కడం చాలామంది చేసే పని. పరుగెత్తేదాన్ని తరమడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. వేగం తగ్గించి కాళ్లు కదపడం ఆపితే సగం కుక్కలు అక్కడే చల్లబడతాయి. చల్లబడకపోతే దిగి, సైకిలును మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి. వంగి రాయి తీసుకుంటున్నట్టు నటిస్తే చాలు, మన వీధి కుక్కల్లో ఆ భంగిమ ఎరగనిది లేదు. నిజంగా విసరక్కర్లేదు. సీసాలో నీళ్లు ముక్కు మీదకు చిమ్మినా పని చేస్తుంది. కాలితో తన్నబోతే మాత్రం హ్యాండిల్ తిరిగిపోతుంది. హైవే మీద కుక్క కాటుకంటే లారీ ముందు పడిపోవడానికే ఎక్కువ భయపడాలి, అందుకే పక్కకు తిప్పే ముందు వెనక ఏం వస్తుందో ఒకసారి చూసుకోవాలి.

పన్ను దిగితే, చిన్న గీతైనా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీపొడి అద్దకూడదు. రేబిస్ టీకా ఆ రోజే మొదలుపెట్టాలి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఆ రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. చర్మం చిరిగి రక్తం వస్తే టీకాతోబాటు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలుపెట్టేలోపు కాపాడే మందు) కూడా కావాలి. డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

గొల్లపూడి దాటాక రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ. నెయ్యి కారప్పొడి చల్లి నాలుగు ఇడ్లీలు 40 రూపాయలు, అల్లం చట్నీ అడిగినంత. బండాయన సైకిళ్లు చూసి "పందెమా బాబూ?" అన్నాడు. కాదంటే, "మరి బండి లేదా?" అన్నాడు. ఈ రెండో ప్రశ్న కొండవీడు దాకా ప్రతి ఊళ్లోనూ వచ్చింది.

ఇబ్రహీంపట్నం దాటితే మూలపాడు. హైవే మీద నుంచి కుడికి తిరిగి కొండపల్లి రిజర్వు అడవి అంచుకు వెళ్తే సీతాకోకచిలుకల పార్కు వస్తుంది. ఇక్కడికి ఏడింటికే వచ్చి ఉపయోగం లేదు. సీతాకోకచిలుక ఒళ్లు ఎండకు వేడెక్కితేగానీ ఎగరలేదు. జనవరిలో అయితే ఎనిమిదిన్నరకు మొదలై పదకొండు దాకా బాగా తిరుగుతాయి. పూలకంటే ముందు చూడాల్సింది తడి ఇసుక. అక్కడ గుంపుగా వాలి నీళ్లు పీలుస్తాయి, నీళ్లలో కరిగిన ఉప్పు కోసం. అలా వాలేవి ఎక్కువగా మగవే.

చెమటతో తడిసిన గ్లవ్స్ హ్యాండిల్ మీద ఆరేసి పది నిమిషాలు పక్కకు తప్పుకుంటే అదే పని సైకిలు మీద జరుగుతుంది. నల్ల రెక్కల మీద లేతనీలం చారలున్న బ్లూ టైగర్ ఒకటి వాలి, చుట్ట చుట్టిన తొండం విప్పి, కుట్టు దారాల మధ్య ఒక్కో చోటా పొడుస్తూ పోయింది. తొండం కొస చెమట మరక దగ్గర ఆగితే రెక్కలు మూసుకుంటుంది. పొడిగా ఉన్న చోట రెక్కలు ఆడిస్తూ ముందుకు జరుగుతుంది. ఫోన్ దాని మొహానికి అడుగు దూరంలో పెట్టినా కదలలేదు, నీడ మీద పడితే మాత్రం లేచిపోయింది. ఫోటో తీసేటప్పుడు సూర్యుడికి ఎటు నిలబడ్డారో చూసుకుంటే చాలు.

మొక్కలు తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. జిల్లేడు ఆకు కింద చారల గొంగళి ఉంటే అది ప్లెయిన్ టైగర్‌ది. జిల్లేడు పాలలోని విషం ఒంటికి పట్టించుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. ఈశ్వరి తీగ మీద క్రిమ్సన్ రోజ్, కరివేపాకు మీద కామన్ మార్మన్. ఇంటి పెరట్లో కరివేపాకు రెమ్మల్ని తినేసే పచ్చ పురుగు చాలాసార్లు ఇదే.

కొండపల్లి కోటకు ఎక్కే దారిలో పెత్తనమంతా కోతులది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజులు కట్టిన కోట ఇది, చివరి రోజు దారి ముగిసేది కూడా వాళ్ల రాజధానిలోనే. కోతులకు మనిషి కంటే క్యారీబ్యాగు బాగా గుర్తు. హ్యాండిల్‌కు పాలిథిన్ కవరు వేలాడితే లోపల ఏముందో చూడకుండానే లాగుతాయి. తిండి ఫ్రేము బ్యాగులో జిప్ వేసి పెట్టాలి, పైన చేతిలో అరటిపండు ఉండకూడదు. అడ్డం కూర్చుంటే కళ్లలోకి చూడకుండా, పళ్లు కనపడనివ్వకుండా, ఒకే వేగంతో పక్కనుంచి పోవాలి. పిల్లను కరుచుకున్న తల్లి రోడ్డుకు ఒక పక్కా మిగతా గుంపు రెండో పక్కా ఉంటే వాటి మధ్యలోంచి పోకండి, దాటేదాకా ఆగండి. ఊళ్లో కొట్లవాళ్లు కోతుల్ని బెదిరించడానికి కొండముచ్చు ఫ్లెక్సీలు కట్టారు. నెల రోజులు భయపడతాయట, తర్వాత ఆ ఫ్లెక్సీ నీడలోనే పేలు చూసుకుంటాయట.

కింద బొమ్మల వీధిలో తెల్లపొణికి చెక్క ముక్కలు ఎండబెట్టి ఉన్నాయి. బొమ్మకు చెవులూ తోకా విడిగా చెక్కి అతికిస్తారు, చింతగింజల పిండితో చేసిన ముద్దే జిగురు. చిన్న ఏనుగు అంబారీ 350 చెప్పారు, బేరం మీద 300. సైకిలు మీద తీసుకెళ్లాలంటే తొండం పైకి వచ్చేలా టీషర్టులో చుట్టుకోవాలి. ముందు విరిగేది తొండమే.

శనివారం: బ్యారేజీ, కరకట్ట, తెనాలి

ఆరు గంటలకు ప్రకాశం బ్యారేజీ మీద ఉంటే పక్షులకు పడమటి పక్క చెరువులా నిలిచిన నీటికంటే తూర్పున గేట్ల కిందే ఎక్కువ పని ఉందని తెలుస్తుంది. 70 గేట్లలో ఏ గేటు కింద నీరు కారుతుంటే ఆ గేటు కింద కొంగలు బారు కడతాయి. గేటు సందులోంచి పడే చేప దిక్కు తెలియక తిరుగుతుంటుంది, కొంగకు కష్టం లేదు. నీటికాకులు మునిగి వేటాడి, రాళ్ల మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. వాటి ఈకలకు బాతు ఈకల్లా నీటిని తోసేసే గుణం తక్కువ. తడిసి బరువెక్కితే మునగడానికి తేలిక, ఎగరడానికి మాత్రం కష్టం. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది. అంతకు వందేళ్ల ముందే, 1855 నాటికి, ఇక్కడే ఆనకట్ట లేచింది. అంటే కొంగల బారుకు వయసు తక్కువేం కాదు.

సీతానగరం దగ్గర ఎడమకు తిరిగి కృష్ణ కుడి కరకట్ట. చిర్రావూరు, గుండిమెడ, ఆపైన మున్నంగి, కొల్లిపర. ఎడమ చేతి పక్క నది, ఇసుక. కుడి పక్క అరటి, కంద, పసుపు, జామ. గట్టు ఎత్తుగా ఉండటంతో రెండు పక్కలా చాలా దూరం కనపడుతుంది.

ఇక్కడ ఫ్రీవీల్, అంటే తొక్కడం ఆపినా వెనక చక్రం తిరిగేలా చేసే భాగం, దాని సంగతి చెప్పుకోవాలి. తొక్కడం ఆపగానే వెనక హబ్బులోంచి కటకటమని చప్పుడు వస్తుంది. తీగ మీది పాలపిట్ట ఆ చప్పుడుకే లేచిపోతుంది. చక్రం వేగానికి తగ్గట్టు పెడల్ తిప్పుతూనే ఉంటే చప్పుడు రాదు, పది పన్నెండు అడుగుల దాకా కూర్చునే ఉంటుంది. రెండో సంగతి, కదిలే సైకిలును పక్షులు పెద్దగా లెక్కచెయ్యవు. రైతులు రోజూ అలాగే పోతుంటారు. సైకిలు ఆగినప్పుడు కూడా కాస్త ఓర్చుకుంటాయి. మనిషి దిగి నిలబడ్డాడంటే ఎగురుతాయి. కాబట్టి ఆగాలనుకుంటే సీటు మీదే ఉండి ఒక కాలు నేలకు ఆనించండి.

ట్రాక్టరు దున్నుతున్న చోట తెల్లకొంగలు చక్రాల పక్కనే నడుస్తున్నాయి. నాగలి తిరగేసిన మట్టిలో పురుగూ కప్పా దొరుకుతాయి. డ్రైవరు హారన్ కొడితే పక్కకు తప్పుకుని మళ్లీ వస్తాయి. సైకిలు వాటికి అక్కర్లేని సరుకు, అందుకే దానికి అంత దగ్గర రావు. తీగల మీద నల్లంచి పిట్టలు, కాలవ పైన గాల్లోనే ఒక చోట నిలబడి రెక్కలాడిస్తూ చటుక్కున నీళ్లలోకి పడే నలుపు తెలుపు లకుముకి. రంగుల లకుముకి ఎక్కువగా గట్టు కొమ్మ మీద కూర్చుని వేటాడుతుంది, ఇలా గాల్లో నిలబడటం అరుదు.

చిర్రావూరు దాటాక ఇసుక లారీలు కొండవీటి చాంతాడులా ఆగి ఉన్నాయి. పక్కన మట్టిదారి ఉందని అరటితోటలోకి దిగితే అది పంపుసెట్టు షెడ్డు దగ్గర ఆగిపోయింది. తోట మనిషి "ఏ ఊరు బాబూ మీది? అటు దారి లేదు, మా గట్టు మీంచి పొండి" అని తనే ముందు నడిచి చూపించింది. సైకిలు చక్రం బోదెలోకి దిగి నీళ్లు తెగకుండా ఎత్తి పట్టుకుని నడవాలి, ఇక్కడ మర్యాద అంటే అది. అరటి హస్తం ఒకటి ఇచ్చి డబ్బు తీసుకోలేదు.

ఆ గట్టు మీదే జెర్రిపోతు దాటింది. ఆరడుగులు ఉంటుంది, పసుపు గోధుమ రంగు, తలకాయ సన్నం, కళ్లు పెద్దవి. ఎలుకల కోసం తిరుగుతుంది, విషం లేదు, మనిషిని చూస్తే పారిపోతుంది. పాము రోడ్డు దాటుతుంటే వెనకనుంచి పోవాలి, ముందునుంచి కాదు. పోయే పాము వెనక్కి తిరగదు, ముందు చక్రం అడ్డమైతే మాత్రం చక్రాల్లోకి వస్తుంది. నీళ్ల పక్కన కనపడే గళ్ల పాము నీరుకట్టు. కరుస్తుంది, విషం ఉండదు.

భయపడాల్సింది రక్తపింజరకు. వరి కోసిన పొలాల్లో, గడ్డివాముల కింద, కళ్లాల దగ్గర ఎలుకలు ఎక్కువ, అవి ఉన్న చోట ఇదీ ఉంటుంది. లావు ఒళ్లు, మూడు కోణాల తల, వీపు మీద గొలుసులా మూడు వరసల ముదురు గోధుమ మచ్చలు. తప్పుకుపోకుండా చుట్ట చుట్టుకుని అక్కడే ఉండి బుస కొడుతుంది. ఆ బుస ట్యూబులోంచి గాలి పోతున్నట్టే ఉంటుంది, చాలాసేపు ఆగదు. పంచరేమో అని వంగి టైరు చూడటం సైకిలు మనిషికి అలవాటు. గడ్డి పక్కన సైకిలు ఆపినప్పుడు బుస వినపడితే ముందు చూడాల్సింది నేలను, ఆ తర్వాతే టైరును. పొద్దుగూకే వేళ చలిగాలికి పాములు వెచ్చటి తారు మీద పడుకుంటాయి. కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత గట్టు మీద లైటు లేకుండా తొక్కకూడదు, దిగినప్పుడు పాదం పెట్టే చోట వెలుగు పడాలి.

కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. ఉంగరం, వాచీ, బూటు ముందే తీసెయ్యాలి, వాపు వస్తే తర్వాత రావు. కరిచిన కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో అడిగి నేరుగా అక్కడికే పోవాలి. మన దగ్గర దొరికే విరుగుడు ఒక్కటే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. అందుకే ఏ పామో తెలియడానికి దాన్ని చంపి సంచిలో వేసుకు వెళ్లే పని పెట్టుకోకండి. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ ఉండకపోవచ్చు, కనురెప్పలు వాలిపోవడం మొదటి గుర్తుల్లో ఒకటి.

మున్నంగి దగ్గర ఉడుము ఒకటి కాలవ రాళ్ల మీద ఎండ కాచుకుంటోంది. చక్రాల చప్పుడుకు తల ఎత్తి, నాలుక రెండుసార్లు ఆడించి, సిమెంటు పలకల సందులోకి జారిపోయింది. ఉడుమును పట్టినా చంపినా వన్యప్రాణి చట్టం కింద పులిని చంపినంత నేరం, రెండూ ఒకే షెడ్యూలులో ఉన్నాయి. ఊళ్లలో ఇంకా ఆ మాంసానికి గిరాకీ ఉందని తోటల్లో చెప్పుకుంటున్నారు.

కొల్లిపర దాటి తెనాలి చేరేటప్పటికి గేదెలు ఇళ్లకు మళ్లే వేళ. ఎదురొచ్చే మందకు బెల్లు కొడితే బెదిరి రోడ్డంతా పరుచుకుంటాయి. కాపరికి వినపడేలా "బాబాయ్, సైకిలు!" అని ఒక్క కేక వేస్తే ఆయనే కర్ర అడ్డం పెట్టి దారి ఇస్తాడు. దూడ ఒక పక్క, గేదె ఒక పక్క ఉంటే, కోతుల విషయంలో చెప్పిందే ఇక్కడా.

ఆదివారం: ఉప్పలపాడు

తెనాలి నుంచి నందివెలుగు మీదుగా గుంటూరు వైపు వస్తే గుంటూరుకు ముందే ఉప్పలపాడుకు తిరగొచ్చు. పెదకాకాని మండలంలో చిన్న ఊరు. కొల్లేరులా నీళ్లు ఊహించుకుని వస్తే ఊరి చెరువు చూసి ఇంతేనా అనిపిస్తుంది. మధ్యలో సర్కారుతుమ్మ చెట్లు, చెట్లు చాలక నీళ్లలో పాతిన ఇనప స్టాండ్లు, వాటన్నిటి మీదా జానెడు ఖాళీ లేకుండా గూళ్లు.

ఇన్ని పక్షులు ఊరి మధ్యకు ఎందుకు వస్తాయంటే మూడు కారణాలు. చెట్టు చుట్టూ నీళ్లుంటే పిల్లీ ముంగిసా పాకి గుడ్లు తినలేవు. చుట్టూ డెల్టా పొలాలు, కాలవలు, చేపల చెరువులు ఉన్నాయి కాబట్టి పిల్లలకు తిండి దగ్గర్లోనే దొరుకుతుంది. ఊరివాళ్లు రాయి వెయ్యరు, వేసేవాణ్ని ఊరుకోరు. వీటిలో ఏది పోయినా పక్షులు చోటు మార్చేస్తాయి. చెరువు ఎండిన ఏడాది గూళ్లు ఖాళీగా ఉంటాయి.

సైకిలు చెరువుగట్టు దాకా తీసుకెళ్లకండి, ఊళ్లోనే ఆపండి. చెట్ల కింద నిలబడితే నెత్తిన సున్నం పడుతుంది, టోపీ తియ్యొద్దు. రెట్ట ఫ్రేము మీద పడితే ఆరకముందే నీళ్లతో కడగాలి. ఎండితే గీకాల్సి వస్తుంది, గీకితే రంగు ఊడుతుంది. వాసన మొదటి పావుగంట ముక్కు పట్టనివ్వదు, తర్వాత తెలియదు.

ఏడున్నరకు గూడబాతులు ఇంకా గూళ్లమీదే ఉన్నాయి. ఇవి బూడిదరంగువి, ముక్కు మీద నల్ల చుక్కల వరస ఉంటుంది. పిల్ల తలకాయ, మెడ మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేప తింటుంది. దూరంనుంచి చూస్తే తల్లి పిల్లను మింగుతోందనిపిస్తుంది. పక్కనున్న చిన్న పిల్లాడు వాళ్ల అమ్మను అదే అడుగుతున్నాడు, "అమ్మా, తినేస్తోందే!" పిల్లలు ఒకటే గోల, పెద్దవి మాత్రం దాదాపు మూగవి. ఎండెక్కి నేల వేడెక్కాక తొమ్మిది, పది మధ్య గూడబాతులు ఒక్కొక్కటే లేచి, రెక్క కొట్టకుండా వేడిగాలి పట్టుకుని గుండ్రంగా పైకిపోతాయి. వేటకు చాలా దూరం వెళ్తాయి. ఎగిరేవి చూడాలంటే ఆ గంటకు ఉండాలి, గూళ్లమీద చూడాలంటే దానికి ముందే రావాలి.

పెయింటెడ్ స్టార్క్‌లని పిలిచే రంగు కొంగలకు గూళ్ల కాలంలో తోక దగ్గర ఈకలు గులాబీ రంగుకు తిరుగుతాయి. వీటి వేటకు కంటి పని తక్కువ. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ నడుస్తాయి, ఏదైనా తగిలితే టక్కున మూస్తాయి. అందుకే మురికి నీళ్లలోనూ వాటికి చేప దొరుకుతుంది, నీళ్లు మోకాలు లోతు దాటితే దొరకదు. పదిన్నర ఎండలో గూటి మీద ఒక కొంగ చూపించిన పని చాలాసేపు నిలబెట్టింది. సూర్యుడికి వీపు తిప్పి, రెండు రెక్కలూ సగం విప్పి, పిల్లల మీద నీడ పడేలా నిలబడింది. సూర్యుడు జరిగినకొద్దీ అది కూడా అంగుళం అంగుళం తిరుగుతోంది. జంట పక్షి వచ్చి గొంతులోంచి నీళ్లు పిల్లల మీదకు కక్కింది. పిల్లలు తాగినంత తాగాయి, మిగతాది ఒంటి మీద కారింది.

ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనపడుతుంది. నత్తగుల్లల్ని పట్టుకోవడానికి అనువైన ముక్కు. గుల్లను పగలగొట్టదు, మూత పక్కనుంచి ముక్కు కొస దూర్చి నత్తను మాత్రం లాగుతుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. గూటి కింద గుల్లల కుప్ప కనపడితే పైన ఎవరున్నారో చూడక్కర్లేదు.

డ్రోన్ మాత్రం వద్దు. తల్లులు బెదిరి గూళ్లు వదిలి లేచిన రెండు నిమిషాలు కాకులకు చాలు, గుడ్లు ఎత్తుకుపోతాయి. గూటి కింద పడి చచ్చిన పిల్లను చేత్తో ముట్టుకోకండి, ఊళ్లోవాళ్లకు చెప్పండి. సాయంత్రం దాకా ఉండగలిగితే గులాబీ గోరువంకలు గుంపులు గుంపులుగా వస్తాయి. చలికాలానికి మాత్రమే వచ్చే చుట్టాలు. గుంపు ఒక్కసారిగా అటూ ఇటూ మళ్లుతూ చెరువు మీద తిరిగి, చెట్లలోకి పడ్డాక అరగంట కిచకిచ ఆగదు.

రాత్రి గుంటూరు బ్రాడీపేటలో మిరపకాయ బజ్జీ. చీల్చి వాము, చింతపండు గుజ్జు పెట్టి వేయించి, మళ్లీ మధ్యకు కోసి ఉల్లిపాయలు నింపి నిమ్మరసం పిండుతారు. నాలుగు 50 రూపాయలు. పొద్దున్నే ఘాట్ రోడ్డు ఎక్కాల్సినవాళ్లు రెండుతో ఆపాలి.

సోమవారం: కొండవీడు

నరసరావుపేట రోడ్డు మీద ఫిరంగిపురం దాకా తిన్నగా వెళ్లి ఎడమకు తిరగాలి. ఇటు నేల మారిపోతుంది. నల్లరేగడి, మిర్చి, శనగ, మొక్కజొన్న. మిర్చి మొదటి కోతలు కళ్లాల్లో ఆరుతున్నాయి, గాలి అటునుంచి వీస్తే తుమ్ములు ఆగవు. మూతికి తడిగుడ్డ కట్టుకుంటే నయం.

చాలా పొలాల చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, ఎరుపూ పసుపూ పువ్వులవీ. అడవిపందుల కోసం. మనిషి వాసనకూ గుడ్డ కదలికకూ రావని నమ్మకం. మొదట్లో పనిచేస్తుంది, అలవాటైతే దూరిపోతాయి. పంది పగలు సాధారణంగా కనపడదు. పొద్దు వాలాక రోడ్డు దాటేటప్పుడు ముందు ఒకటి పోయిందంటే వెనక ఇంకా ఉన్నాయనే లెక్క, అన్నీ పోయేదాకా ఆగాలి.

ఘాట్ రోడ్డుకు ఉన్నవాటిలో చిన్న గేరు వేసుకుని నెమ్మదిగా ఎక్కాలి. ఈ వేగం కౌజుపిట్టలు చూడటానికి సరిపోతుంది. రోడ్డు పక్క సీతాఫలం పొదల్లోంచి నాలుగైదు ఒక్కసారి పరుగెత్తి, ఇక తప్పదనుకుంటేనే ఎగురుతాయి. నెమళ్ల కేక వినపడుతుంది, మనిషి మాత్రం ముందే కనపడిపోతాడు వాటికి. కొండముచ్చులు చెట్ల మీద ఆకులు తింటున్నాయి. ఇవి కోతుల్లా సంచి మీద పడవు. గుంపులో ఒకటి పొడిపొడిగా దగ్గినట్టు అరిచి అన్నీ ఒకే వైపు చూస్తే, అటు కుక్కో ఇంకోటో ఉందని అర్థం. మీరూ అటు చూడండి.

కొండ మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. అనవోతారెడ్డి కాలంలో అద్దంకి నుంచి రాజధాని ఇక్కడికి మారినప్పుడు అంత జనం కొండ మీద బతకగలిగింది ఇలాంటి చెరువుల వల్లే. ఇప్పుడు వాటి పక్క తడిమట్టిలో రాత్రి ఎవరు వచ్చారో చదువుకోవచ్చు. పంది అడుగు రెండు గిట్టలు, వెనక చిన్న గుంటలు రెండు పక్కకు పడతాయి. నక్కది కుక్క అడుగులాగే ఉంటుంది, కాస్త సన్నం, గోళ్ల గుర్తు తెలుస్తుంది. ముళ్లపంది వెళ్లిన చోట ఒక్కోసారి ముల్లు దొరుకుతుంది. ఏరుకోవద్దు, అది టైరుకూ మంచిది కాదు, చట్టానికీ.

కోట గోడ కింద రాతి చూరుకు తేనెపట్లు రెండు వేలాడుతున్నాయి. ఇవి పెద్ద తేనెటీగలు, పెట్టెల్లో పెంచేవి కావు. పట్టు పైకి నల్లగా మెరుస్తూ అలలు పోతున్నట్టు కదిలితే అవి బెదిరింపులో ఉన్నాయన్నమాట. తేనెగద్ద పట్టు మీద పడినప్పుడు, కింద ఎవరైనా పొగ పెట్టినప్పుడు లేచి, అక్కడున్న ఎవరినైనా కుడతాయి. సెంటు కొట్టుకుని వెళ్లొద్దు. లేచాయంటే చేతులు విసరకుండా, మొహం గుడ్డతో కప్పుకుని, సైకిలు వదిలేసైనా సరే దూరంగా పరుగెత్తాలి. ఒకటి కుట్టిన చోట వదిలే వాసన మిగతావాటిని పిలుస్తుంది. ముల్లు ఎలా తీశామన్నదాని కంటే ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం, గోటితో గీకినా చాలు. పెదాలు వాచినా, ఊపిరి అందకపోయినా, కాట్లు పదుల్లో ఉన్నా ఆసుపత్రికే.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకుండా పట్టి వదులుతూ, ముందూ వెనకా మార్చుకుంటూ రావాలి. రిమ్ బ్రేకులైతే, అంటే చక్రం అంచును రబ్బరుతో పట్టేవైతే, మధ్యలో ఒకసారి ఆపి రిమ్ చల్లార్చాలి. కోతులు ఎప్పుడూ మలుపుల్లోనే కూర్చుంటాయి, కార్లు నెమ్మదించి బిస్కెట్లు విసిరేది అక్కడే కాబట్టి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు పడితే వెనక చక్రం జారుతుంది.

కింద టీ కొట్టులో టీ 10 రూపాయలు, శనగపలుకులు ఊరికే పెట్టారు. పొలాల్లోంచి అడ్డదారిన పోతే ఫిరంగిపురం దగ్గరవుతుందా అని అడిగితే కొట్టాయన తల అడ్డంగా ఊపాడు. పందుల కోసం కొందరు చీరలతో ఆగకుండా రాత్రిళ్లు కరెంటు తీగ లాగుతున్నారట. అది నేరం, మనుషులూ పోతున్నారు, అయినా మానడం లేదు. "ఆరు దాటాక గట్టెక్కకండి బాబూ, మా ఊళ్లో వాళ్లమే ఎక్కం." తారు రోడ్డు వదలకుండా ఫిరంగిపురం వచ్చి, అక్కడ లైట్లు వేసుకుని గుంటూరు పోయే బండ్లలో కలిశాం.